మొదటి ఆట ఎవరితో చూశావు?

అమెరికాలో పార్సిప్పనీ. శనివారం మధ్యాహ్నం. సినిమా హాలు బయట పార్కింగ్ లాట్‌లో ఆగి ఉన్న కారు. స్టీరింగ్ ముందు పదహారేళ్ళ మాయ, పక్క సీట్లో వాళ్ళ నాన్న మోహన్.

"స్టార్ట్ చెయ్యకు."

"ఎందుకు? డ్రైవింగ్ పర్మిట్ నా బ్యాగ్‌లోనే ఉంది నాన్నా."

"పర్మిట్ సంగతి కాదు. ఆ బటన్ మీద నుంచి చెయ్యి తియ్యి. ముందు నాకు ఒక్క మాట చెప్పు. నన్ను బాత్రూమ్‌కి ఎందుకు పంపావు?"

"వాట్?"

"సినిమా మధ్యలో. వాళ్ళు పడవెక్కారు చూడు, అప్పుడు. నా చెవిలో 'నాన్నా, బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఇప్పుడే వెళ్ళు' అన్నావు."

"నువ్వు లార్జ్ సోడా మొత్తం తాగేశావు. కాళ్ళు ఊపుతూ కూర్చున్నావు. సీట్ అంతా షేక్ అయింది."

"ఊపుతాను. ఇంటర్వెల్ లేని దేశంలో కాళ్ళు ఊపక ఏం చేస్తాను? అది కాదు. 'ఇప్పుడే వెళ్ళు, పది నిమిషాలు ఏం రాదు' అన్నావు. పది నిమిషాలు ఏం రాదని నీకెలా తెలుసు?"

"గెస్ చేశా."

"పడవెక్కినవాళ్ళు కొట్టుకోకుండా దిగుతారని ఎవరైనా గెస్ చేస్తారా? కుంగ్‌ఫూ సినిమాలో? పడవ ఉందంటే ఫైట్ ఉన్నట్టే. పదేళ్ళుగా చూస్తున్నాం మనం. నేను ఊపిరి బిగబట్టి కూర్చుంటే నువ్వు తాపీగా వెళ్ళి రమ్మన్నావు."

"వెళ్ళావు కదా. ఏమన్నా మిస్ అయ్యావా?"

"అదే నేనంటున్నది! ఏమీ మిస్ అవ్వలేదు. నేనొచ్చేసరికి పడవ దిగుతున్నారు. గడియారం పెట్టినట్టు పది నిమిషాలు."

"సో, నేను స్మార్ట్."

"సరే, స్మార్ట్. మరి టిష్యూ?"

"ఏం టిష్యూ?"

"గురువుగారు టీ కప్పు ఇలా చేతిలోకి తీసుకున్నారో లేదో, నువ్వు టిష్యూ తీసి నా ఒళ్ళో పెట్టావు. ఆ టీలో విషం ఉందని గురువుగారికే తెలీదు. శిష్యుడికి తెలీదు. నాకూ తెలీదు. నీకెలా తెలిసింది?"

"నాన్నా, అన్ని సినిమాల్లో గురువు చనిపోతాడు. అన్ని సినిమాల్లో నువ్వు ఏడుస్తావు. ఇందులో మిస్టరీ ఏముంది?"

"చనిపోతాడు. కానీ టీ తాగి చనిపోతాడని?"

"కారు స్టార్ట్ చెయ్యనా?"

"మాయా, ఇటు చూడు. అద్దంలోకి కాదు, నాకేసి."

"చూస్తున్నా."

"ఈ సినిమా నువ్వు ముందే చూశావు."

"వేడిగా ఉంది. ఏసీ అయినా వేస్తా."

"చూశావా, లేదా?"

"ఒక్కసారే."

"ఒక్కసారేనట! మొదటిసారి అనేది ఎన్నిసార్లు ఉంటుందమ్మా? ఒక్కసారి చూస్తే అయిపోయింది, ఇంకేం మిగిలింది? రెండు రోజుల్నించి నేను ఫోన్‌లో ఏమీ చూడలేదు తెలుసా? ధర్మారావు గ్రూప్‌లో సీన్లు చెప్పేస్తున్నాడని గ్రూప్‌లోంచే బయటికొచ్చేశాను. హర్షవర్ధన్ ఫోన్ చేసి 'గురూ, ఆ గొడుగు ఫైట్' అన్నాడో లేదో కట్ చేసి పారేశాను. వాడు అలిగాడు. అలగనీ అనుకున్నా. దేనికి? నీ పక్కన కూర్చుని, నువ్వు 'అబ్బా' అన్నప్పుడే నేనూ 'అబ్బా' అనాలని. నువ్వేమో ఎక్కడో ముందే అనేసుకుని వచ్చావు."

"ఇవాళ కూడా అన్నాను."

"యాక్టింగ్."

"కాదు! గొడుగు ఫైట్‌కి నిజంగానే అన్నాను. ఆ గొడుగు ఊచలు ఒక్కొక్కటి వెళ్ళి గోడకి గుచ్చుకుంటాయి చూడు, సెకండ్ టైమ్ ఇంకా బాగుంది."

"సెకండ్ టైమ్! ఆ మాట నా ముందు అనకు. ఆ ముందు వరసలో చైనీస్ బామ్మ నయం. హీరో తలుపు తన్నుకుని లోపలికి రాగానే నేను విజిల్ వేస్తే వెనక్కి తిరిగింది. తిడుతుందనుకున్నాను. కమలాపండు తీసి నా చేతిలో పెట్టింది. ముక్కూ మొహం తెలీని మనిషి! పాపం ఆవిడ నాతోపాటే మొదటిసారి చూసింది. గురువు పోయినప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది. నా సొంత కూతురేమో టిష్యూలు పంచుతోంది."

"ఆ ఆరెంజ్ నేనే తిన్నాను."

"అదీ తిన్నావు. ఎప్పుడు చూశావు?"

"గురువారం. ప్రివ్యూ షో. నాలుగింటికి, స్కూల్ నుంచి స్ట్రెయిట్‌గా."

"ఎవరితో?"

"ఫ్రెండ్స్."

"ఏ ఫ్రెండ్స్?"

"నీల్."

"నీల్‌కి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని నువ్వే చెప్పావు. బయాలజీ క్లాసులో పడిపోయాడుగా?"

"దేదీప్య కూడా వచ్చింది."

"దేదీప్యకి గురువారం నాలుగింటికి కూచిపూడి. వాళ్ళమ్మ రేణు అక్కడ పార్కింగ్‌లో కూర్చుని నాకు ఫోన్ చేసింది. ఎవరితో?"

"నువ్వు డిటెక్టివ్ అవ్వాల్సింది నాన్నా. డేటాబేస్‌లు నీకు వేస్ట్."

"అబ్బాయా? చెప్పు, ఏమీ అనను. పదహారేళ్ళొచ్చాయి, నాకు తెలుసు. అబ్బాయైతే అబ్బాయి. ఏమీ అనను. కొంచెం అంటాను."

"అబ్బాయి కాదు."

"మరి?"

"ప్రమాణం చేశాను. చెప్పకూడదు."

"ఎవరికి చేశావు ప్రమాణం?"

"మమ్మీకి."

"మధ్యలో మీ మమ్మీ ఎందుకొచ్చింది?"

"నేను ఏం అనలేదు. నువ్వు ఏం వినలేదు."

"ఆగు, ఆగు. మీ మమ్మీతో వెళ్ళావా? కుంగ్‌ఫూ సినిమాకి? సుమతి వచ్చిందా?"

"నాన్నా, ప్లీజ్."

"సుమతికి కుంగ్‌ఫూ అంటే తలనొప్పి! పెళ్ళయిన కొత్తలో ఒకదానికి తీసుకెళ్తే సగంలో లేచి వెళ్ళి కార్లో కూర్చుంది. నువ్వు పుట్టాక ముగ్గురం వెళ్ళినా మనకి మూడు వరసలు వెనక కూర్చునేది, మనమెవరో తెలీనట్టు. నేను తెరమీది మాటలన్నీ నీకు తెలుగులో డబ్బింగ్ చెప్తుంటే పరువు పోతోందట. ఆ సుమతి గురువారం నాలుగింటికి ఆఫీసు మానేసి..."

"టికెట్స్ కూడా మమ్మీయే బుక్ చేసింది."

"ఎన్ని టికెట్లు?"

"వాట్?"

"రెండా, మూడా?"

"వెనక వ్యాన్ వాడు ఈ స్పాట్ కోసం వెయిట్ చేస్తున్నాడు నాన్నా. బ్లింకర్ వేశాడు. వెళ్ళిపోదాం, దారిలో మాట్లాడుకుందాం."

"వెయిట్ చెయ్యనీ. రెండా, మూడా?"

"మూడు."

"వచ్చాడా ఆ లిన్?"

"లిన్ అంకుల్ అనాలి. పెద్దవాళ్ళని అంకుల్ అనాలని నువ్వే నేర్పావు."

"నీకు అంకుల్. నాకెందుకు అంకుల్ అవుతాడు? వచ్చాడా?"

"వచ్చారు."

"ఎక్కడ కూర్చున్నాడు?"

"సీట్‌లో."

"మాయా!"

"మమ్మీ మధ్యలో. నేను ఇటు, లిన్ అంకుల్ అటు. హ్యాపీ?"

"చాలా హ్యాపీ. ఒళ్ళు మండిపోయేంత హ్యాపీ. ఇదెక్కడి న్యాయం చెప్పు. నలభై ఏళ్ళుగా చైనా సినిమాలు చూస్తున్నది నేను. చొక్కా విప్పి అద్దం ముందు గెంతి మా ఇంట్లో ట్యూబ్‌లైట్ పగలగొట్టింది నేను. ఒక్క సినిమాకీ కుదురుగా కూర్చోని మీ మమ్మీకి చైనా మొగుడు!"

"ఇంకా పెళ్ళి అవ్వలేదు. జూన్‌లో."

"జూన్‌లో. తెలుసు. చెప్పింది. కార్డు కూడా పంపుతానంది."

"లిన్ అంకుల్ పుట్టింది ఇక్కడే, ఎడిసన్‌లో నాన్నా. ఆయనకి కుంగ్‌ఫూ రాదు. డెంటిస్ట్. బ్రెడ్ చేస్తారు, వీకెండ్స్."

"భాష వచ్చా?"

"మాండరిన్ వచ్చు. సండే స్కూల్‌లో నేర్చుకున్నారట, నేను బాలభవన్‌లో తెలుగు నేర్చుకున్నట్టు."

"నువ్వు అక్కడేం నేర్చుకోలేదు."

"ఆయన నేర్చుకున్నారు."

"అదే కదా నా బాధ! అయితే సినిమా అంతా నీకు అసలు అర్థం చెప్పాడన్నమాట."

"లేదు. ఒక్క సీనే. గురువు చనిపోయేది. అది కూడా నేనే అడిగా, బయటికొచ్చాక."

"ఏమంటాడట గురువు? అసలు మాట?"

"వద్దు నాన్నా."

"చెప్పు. ఇవాళ నేనేమన్నాను? 'నాయనా, ఈ గొడుగు నీకిస్తున్నాను, ఇది వానకి కాదు, లోకం వేసే నిందలకి అడ్డం పెట్టుకో' అన్నాను. అప్పటికప్పుడు వచ్చింది నోటికి. నాకే ఏడుపొచ్చింది. అసలేమంటాడు?"

"'వాన తగ్గింది, ఇంటికి వెళ్ళు.' అంతే."

"అంతేనా?"

"అంతే. సబ్‌టైటిల్‌లో ఇంకేదో పెద్దగా వేశారు, కానీ ఆయన అన్నది అంతేనట."

"వాన తగ్గింది, ఇంటికి వెళ్ళు."

"యా."

"బాగుంది. దరిద్రం, నాదానికంటే బాగుంది."

"నాది నీదే నాన్నా. ఐ మీన్, నాకు నీదే ఇష్టం."

"ఓదార్చకు. మా పాపయ్య బాబాయికి చైనీసూ రాదు, ఇంగ్లీషూ రాదు. మా ఊళ్ళో ఉదయం ఆటకి వెళ్ళి ముందు బెంచీలో కూర్చుని కింద అక్షరాలు చదువుతున్నట్టే మొత్తం కథ చెప్పేవాడు. చుట్టూ మూడు వరసలకి ఆయన చెప్పిందే సినిమా. ఇది తప్పని ఒక్కడూ అనలేదు. తర్వాత నేను చెప్పాను నీకు. ఆరేళ్ళు నీకు, సబ్‌టైటిల్ చదవడం అందేది కాదు. నా ఒళ్ళో కూర్చుని 'ఇప్పుడేమన్నాడు, ఇప్పుడేమన్నాడు' అని గడ్డం పట్టుకుని తిప్పేదానివి."

"నేను తొమ్మిదేళ్ళ వరకు అవే నిజం డైలాగ్స్ అనుకున్నాను."

"అనుకుంటే పోయిందేముంది?"

"పోయిందా? నా తెలుగు మొత్తం అదే నాన్నా! రేణు ఆంటీ వాళ్ళింట్లో బర్త్‌డేకి అంకుల్ ఇంకో కేక్ పీస్ పెడుతుంటే నేను చాలా పొలైట్‌గా 'వద్దు దుర్మార్గుడా, నా ఉదరము నిండినది' అన్నాను. అందరూ తినడం ఆపి నన్నే చూశారు. నాకు అర్థం కాలేదు."

"ఆయనకి ఇప్పటికీ ఆ పేరే. వాళ్ళావిడే పిలుస్తుంది."

"నవ్వావు! నవ్వావు నాన్నా. స్టార్ట్ చేస్తున్నా."

"నవ్వలేదు. ఫోన్ ఎవరిది?"

"నాది. మమ్మీ."

"ఎత్తు. స్పీకర్లో పెట్టు. నేనున్నానని చెప్పకు."

"అది చీటింగ్."

"చీటింగ్ గురించి నువ్వు నాకు చెప్తున్నావా? ఎత్తు."

"హలో, మమ్మీ."

"అయిపోయిందా మాయా? ఏమన్నాడు మీ నాన్న?"

"మమ్మీ, నేను కార్‌లో..."

"అనుమానం రాలేదుగా? నీ మొహంలో ఏదీ దాగదు, అదే నా భయం. ఫైట్‌కి ముందే నవ్వెయ్యలేదుగా? కొత్తగా చూస్తున్నట్టు..."

"వచ్చింది సుమతీ. అనుమానం వచ్చింది."

"మోహన్?"

"నేనే."

"స్పీకర్లో పెట్టావా మాయా?"

"సారీ మమ్మీ. ప్రమాణం బ్రేక్ అయింది. సగమే అయింది."

"సగమే కదా? మిగతాది నోట్లోనే ఉంచుకో. చూడు మోహన్, నేనేం నేరం చెయ్యలేదు. నా కూతుర్ని సినిమాకి తీసుకెళ్ళాను. దానికీ నీ పర్మిషన్ కావాలా?"

"వేరే ఏ సినిమాకైనా తీసుకెళ్ళు. ఆ హాల్లో పన్నెండు ఆడుతున్నాయి. కుంగ్‌ఫూ సినిమా మొదటి ఆట మాత్రం మాది. విడిపోయినప్పుడు అన్నీ పంచుకున్నాం. సోఫా నీకు, టీవీ నాకు, మిక్సీ నీకు. 'ఇది మాత్రం మీ ఇద్దరిదీ, నేను రాను' అని నువ్వే అన్నావు. ఆ కాఫీ షాపులో కూర్చుని అన్నావు."

"అన్నాను."

"తెలిసే తీసుకెళ్ళావు."

"తెలిసే తీసుకెళ్ళాను."

"ఎందుకు?"

"చూడాలనిపించింది."

"నీకా?"

"ఏం, నాకు అనిపించకూడదా?"

"ఆయన అడిగాడా?"

"ఆయనకి అసలు సినిమాలే ఇష్టం ఉండవు మోహన్. నేనే లాక్కెళ్ళాను."

"ఆయన్ని లాక్కెళ్ళావు. నేను బతిమాలితే కార్లో కూర్చునేదానివి."

"అదంతా ఇప్పుడెందుకు?"

"ఇప్పుడే కావాలి నాకు. ఎలా ఉంది సినిమా?"

"ఏమో. తలనొప్పి వచ్చింది."

"గొడుగు ఫైట్?"

"చెప్పానుగా, తలనొప్పి. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఓవెన్‌లో ఏదో మాడుతోంది, ఉంటాను. మాయా, నెమ్మదిగా డ్రైవ్ చెయ్యి. లెఫ్ట్ తిరిగేటప్పుడు మీ నాన్న అరుస్తాడు, పట్టించుకోకు."

"నేను అరవను. హలో? సుమతీ? పెట్టేసింది. విన్నావా? ఓవెన్‌లో మాడుతోందట. ఆయన బ్రెడ్డే అయ్యుంటుంది."

"నువ్వు జెలస్ నాన్నా."

"అవును."

"ఓ. నువ్వు కాదంటావనుకున్నా."

"ఎందుకు కాదంటాను? కుళ్ళు నాకు. కడుపు మండుతోంది. ఆయన ఇల్లు చూస్తే కుళ్ళు లేదు, ఆయన కారు చూస్తే లేదు. మీ మమ్మీని పెళ్ళి చేసుకుంటాడంటే రెండు రాత్రులు నిద్రపట్టలేదు, మూడో రోజు పట్టింది. సరేలే అనుకున్నాను. కానీ వారంలో ఆరు రోజులు నువ్వు అక్కడుంటావు. నీ జ్వరాలు ఆయన చూస్తాడు, నీ బ్రేసెస్ కూడా ఆయనే బిగించాడు. నాకున్నది ఒక్క శనివారం. అందులో చైనా సినిమా వచ్చేది ఏడాదికి మూడో నాలుగో. ఆ మూడింటిలో ఒకటి లాక్కుంటే ఎలా చెప్పు?"

"ఎవరూ లాక్కోలేదు. నేను ఇవాళ వచ్చాను కదా?"

"రెండోసారి."

"రెండోసారి రావడం ఎక్కువ నాన్నా! తెలిసిన సినిమాకి మళ్ళీ రావడం. నీ కోసం వచ్చాను. నీ డబ్బింగ్ కోసం."

"నిజంగా?"

"నిజంగా. నువ్వు చెప్తే ఆ విలన్ భయం వెయ్యడు, ఎవరో మన అంకుల్‌లా ఉంటాడు. వాడు కత్తి పట్టుకుని హహ్హహ్హ అంటుంటే నువ్వు 'నవ్వు నాయనా నవ్వు, పళ్ళున్నప్పుడే నవ్వు' అంటావు చూడు, అన్ని సినిమాల్లో అంటావు, అయినా నాకు నవ్వొస్తుంది. గురువారం అయితే సోడా ముక్కులోంచి వచ్చేసింది."

"ఆ లైను మా పాపయ్య బాబాయిది. నేను మెరుగుపెట్టాను. బాబాయి పళ్ళు అనేవాడు కాదు, జుట్టు అనేవాడు... గురువారమా?"

"వాట్?"

"గురువారం సోడా ముక్కులోంచి వచ్చిందన్నావు."

"ఇవాళ. ఇవాళ అనబోయి..."

"ఇవాళ నువ్వు సోడా తాగలేదు. మొత్తం నేనే తాగానని నువ్వే అన్నావు. గురువారం నేను హాల్లో లేను. 'పళ్ళున్నప్పుడే నవ్వు' అని ఎవరన్నారు?"

"కారు స్టార్ట్ చేస్తున్నా. చేశా. చూడు, సీట్ బెల్ట్ పెట్టుకో."

"ఆపు. ఆ మాట అక్కడ ఎవరన్నారు?"

"వ్యాన్ వాడు వెళ్ళిపోయాడు పాపం."

"తెలుగులో అన్నారా?"

"మ్."

"సినిమా నడుస్తుండగా?"

"మ్."

"అయితే డబ్బింగ్ జరిగింది. గురువారం, నాలుగింటి ఆటలో, నేను లేకుండా డబ్బింగ్ జరిగింది."

"నాన్నా, శాంతించు. ప్లీజ్ శాంతించు."

"ఆ మాట కూడా నేను నేర్పిందే! మాయా, నువ్వు చెప్పావు కదా? ఆయనకి చెప్పావు. పక్కన కూర్చోబెట్టుకుని సినిమా అంతా నా డైలాగులు అప్పజెప్పావు. మా నాన్న ఇలా అంటాడు, మా నాన్న అలా అంటాడు అని. ఆయన నవ్వాడా? ఎంతసేపు నవ్వాడు?"

"నేను కాదు..."

"చూడు తల్లీ, మొదటి ఆట ఇచ్చేశావు, సరే. పక్క సీటు ఇచ్చేశావు, సరే. అది నా గొంతు. నాకు పాట రాదు, ఆట రాదు, పది మందిలో మాట్లాడ్డం రాదు. ఆఫీసులో మీటింగులో నోరు తెరవను. చీకట్లో, నీ పక్కన, రెండు గంటలు, అక్కడ ఒక్కచోటే నేను నాలా మాట్లాడతాను. అది కూడా తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టేశావా?"

"నేను పెట్టలేదు. విను కొంచెం."

"వద్దులే. విన్నది చాలు. వచ్చే నెల ఆ సన్యాసి సినిమా వస్తోందిగా, రెండో భాగం, దానికి కూడా మీరే వెళ్ళండి. ముగ్గురూ వెళ్ళండి. ఆయన అసలు మాట చెప్తాడు, నువ్వు నా మాట చెప్పు. నేను ఇంట్లో ఫోన్‌లో చూసుకుంటాను. దిగు, నేను డ్రైవ్ చేస్తాను."

"దిగను."

"దిగు మాయా."

"దిగను! నువ్వు మొత్తం తప్పు డబ్బింగ్ చెప్తున్నావు నాన్నా. ఎవరో ఏదో అంటే నువ్వు ఇంకేదో చెప్తావు, సినిమాలో ఓకే, ఇక్కడ కాదు. నేను డబ్బింగ్ చెప్పలేదు. ఒక్క లైన్ కూడా చెప్పలేదు."

"మరి ఆయన చెప్పాడా? తెలుగు కూడా నేర్చేసుకున్నాడా?"

"లిన్ అంకుల్‌కి తెలుగులో 'చాలు' ఒక్కటే వచ్చు, అన్నం దగ్గర."

"మరి?"

"ప్రమాణంలో మిగిలిన సగం అదే. తెలిస్తే నువ్వు ఇంకోలా అనుకుంటావని, చెప్తే నాతో మాట్లాడనని అంది."

"ఎవరు?"

"మమ్మీ చెప్పింది నాన్నా. హీరో తలుపు తన్నినప్పటి నుంచి గురువు చనిపోయేదాకా, సినిమా మొత్తం, అచ్చం నీలాగే చెప్పింది. లిన్ అంకుల్ రెండుసార్లు 'చాలు' అన్నారు, అయినా ఆపలేదు."